పెద్దంగడి వస్తే... చిల్లర అంగళ్ల సంగతేంటి?

తాలూకా ఊళ్ల దాకా విస్తరిస్తున్న మెగా స్టోర్లు
ఉద్దర పుస్తకం, వారం సంత... రెండింటికీ పరీక్షే
అనుమతికి ముందే లెక్క చూడాలి

కవితాళ (రాయచూరు జిల్లా):

"కోతలయ్యాక ఇస్తాలే అన్నా... రాసుకో." మన జిల్లాలో ఏ ఊరి కిరాణా అంగడి ముందు కాసేపు నిలబడినా ఈ మాట వినపడుతుంది. కన్నడంలోనో, తెలుగులోనో, దక్కనీ ఉర్దూలోనో... భాష ఏదైనా మాట అదే. అంగడాయన చిన్న పుస్తకం తీసి పేరు కింద అంకె వేస్తాడు. సంతకం ఉండదు, సాక్షి ఉండడు. నెలకోసారి జీతం వచ్చే ఇల్లయితే ఈ పుస్తకం లేకపోయినా గడుస్తుంది. పంటకోసారి డబ్బు చూసే ఇంట్లో మాత్రం ఆ పుస్తకమే పొయ్యి వెలిగిస్తుంది.

ఇప్పుడు పెద్ద పెద్ద సూపర్ మార్కెట్లు ఊరూరికీ వస్తున్నాయి. మొదట బెంగళూరు, హైదరాబాద్. తర్వాత జిల్లా కేంద్రాలు. ఇప్పుడు తాలూకా కేంద్రాల వైపు చూస్తున్నాయి. రాయచూరు నుంచి సిరవార మీదుగా లింగసుగూరు వెళ్లే దారిలో ఉన్న కవితాళ లాంటి ఊళ్లకు ఆ వంతు రావడానికి ఎంతోకాలం పట్టదు. ఒకప్పుడు మాన్వి తాలూకాలో ఉన్న ఈ ఊరు ఇప్పుడు సిరవార తాలూకా కిందికి వచ్చింది. పట్టణ పంచాయతీ కూడా అయింది. అంటే కట్టడానికి, వ్యాపారానికి లైసెన్సు ఇచ్చే అధికారం ఊళ్లోనే ఉన్నట్టు. ఆ కాగితం మీద ముద్ర పడేలోగా ఊరికి లాభమెంత, నష్టమెంత అని చూసేదెవరు? ఎలా చూడాలి?

సింధనూరు ధాన్యం కథ

పెద్ద కంపెనీ వస్తే రైతుకు మంచి ధర వస్తుందన్నది అందరూ చెప్పే మొదటి మాట. దీనికి మన జిల్లాలోనే ఒక ఉదాహరణ ఉంది. దేశమంతా మాట్లాడుకున్న ఉదాహరణ.

2020లో కర్ణాటక ప్రభుత్వం ఏపీఎంసీ చట్టాన్ని సవరించింది. యార్డు బయట కూడా ప్రైవేటు కంపెనీలు కొనొచ్చన్నది దాని సారం. ఆ వెనకే 2021 జనవరిలో సింధనూరు వార్త వచ్చింది. అక్కడి స్వాస్థ్య రైతు ఉత్పాదక కంపెనీతో రిలయన్స్ రిటైల్ తరఫున వెయ్యి క్వింటాళ్ల సోనామసూరి ధాన్యానికి ఒప్పందం కుదిరిందని పత్రికలు రాశాయి. ధర క్వింటాలుకు 1,950 రూపాయలు. ఆ ఏడాది సాధారణ రకం వడ్లకు మద్దతు ధర 1,868. అంటే 82 రూపాయలు ఎక్కువ. తేమ 16 శాతం లోపు ఉండాలి. గోనెసంచులు, సింధనూరు గోదాము దాకా రవాణా రైతు ఖర్చే. మధ్యలో ఉన్న రైతు కంపెనీకి ఒకటిన్నర శాతం కమీషన్.

అదే నెల 4వ తేదీన రిలయన్స్ సంస్థ ఒక ప్రకటన ఇచ్చింది. తాము రైతుల దగ్గర నేరుగా ధాన్యం కొనడం లేదని, తమకు సరకు ఇచ్చేవాళ్లు కొంటారని చెప్పింది. దిల్లీ సరిహద్దుల్లో రైతుల ఆందోళన నడుస్తున్న రోజులవి. కాబట్టి ఈ చిన్న ఒప్పందం మీద రెండు వైపులా పెద్ద చర్చ జరిగింది. ఒకరు ఇదిగో కొత్త చట్టాల ఫలం అన్నారు, ఇంకొకరు ఇది ఎర అన్నారు.

చర్చ సరే... అంకె చూద్దాం. ఎకరాకు 75 కిలోల బస్తాలు 40 అనుకుంటే 30 క్వింటాళ్లు. వెయ్యి క్వింటాళ్లంటే ముప్పై మూడు ఎకరాల పంట. ఒక క్యాంపులో నలుగురైదుగురు రైతులది. అదనంగా వచ్చిన సొమ్ము మొత్తం కలిపినా 82 వేలు. అందులోంచి సంచులు, బండి కిరాయి తీసేయాలి. మంచి ధర మంచిదే, ఎవరూ కాదనరు. కానీ ఒక విడత కొనుగోలు చూసి జిల్లా రైతాంగానికే దారి దొరికిందనుకోవడం, లేదా కొంప మునిగిందనుకోవడం... రెండూ తొందరపాటే. వెయ్యి క్వింటాళ్లా, లక్ష క్వింటాళ్లా? ఒక్క ఏడాదా, ఏటేటానా? అడగాల్సిన ప్రశ్నలు ఇవీ.

దలాలి అంగడి సంగతి కూడా చెప్పుకోవాలి. పంటకు ముందు పెట్టుబడి ఇచ్చి, పంట తన దగ్గరికే తెమ్మనే దలాలి మీద రైతుకు కోపం ఉంది. తూకంలో, తరుగులో పోయింది గుర్తుంది. అయినా కూతురి పెళ్లికి రాత్రికి రాత్రి డబ్బు సర్దిందీ అతడే. పెద్ద కంపెనీ ధర ఇస్తుందేమో గానీ ఆ రాత్రి తలుపు తీయదు.

బెంగళూరు నుంచి మొదలు

కర్ణాటకలో ఈ గొడవ కొత్తది కాదు. 2003లో జర్మనీకి చెందిన మెట్రో క్యాష్ అండ్ క్యారీ బెంగళూరులో రెండు కేంద్రాలు తెరిచింది. టోకు వ్యాపారం పేరుతో అనుమతి తీసుకుని చిల్లరగా అమ్ముతోందని వ్యాపార సంఘాలు అభ్యంతరం చెప్పాయి. ఏపీఎంసీ చట్టం వల్ల కాయగూరల విషయంలోనూ పేచీ వచ్చింది. ఇరవై ఏళ్లు తిరిగాయి. దేశంలో మెట్రోకున్న 31 కేంద్రాలను 2,850 కోట్లకు రిలయన్స్ రిటైల్ కొనేసింది. 2022 డిసెంబరులో ప్రకటన, 2023లో చేతులు మారడం పూర్తి.

హైదరాబాద్ సంగతీ అంతే. రిలయన్స్ ఫ్రెష్ అంగళ్లు దేశంలో మొట్టమొదట తెరుచుకున్నది అక్కడే, 2006 నవంబరులో, ఒకేసారి పదకొండు. మరుసటేడు రాంచీలో కూరగాయలమ్మేవాళ్లు వీధికెక్కారు. ఉత్తరప్రదేశ్‌లో గొడవలు ముదిరి 2007 ఆగస్టులో అక్కడి ప్రభుత్వం ఆ అంగళ్లను మూయించింది. హైదరాబాద్‌లో మాత్రం అంత రభస లేదు. అప్పటికే త్రినేత్ర లాంటివి జనానికి అలవాటయ్యాయి. 1999 జనవరి నుంచి రైతుబజార్లు ఉన్నాయి. కూరగాయల ధర ఎంతో పొద్దున్నే బోర్డు మీద రాసి పెట్టే చోట పెద్దంగడి కొత్త ధర చెప్పి భయపెట్టలేదు. ఇది గమనించదగ్గ విషయం.

ఆ తర్వాత ఏమైంది? త్రినేత్రను 2007లో బిర్లా గ్రూపు కొని 'మోర్' అని పేరు మార్చింది. చెన్నైలో 1997లో మొదలై దేశమంతటా 1,600 అంగళ్లు తెరిచిన సుభిక్ష 2009కల్లా షట్టర్లు దించేసింది. ఉద్యోగులకు జీతాలు, ఇంటి యజమానులకు అద్దెలు, సరకు ఇచ్చినవాళ్లకు బకాయిలు. హెరిటేజ్ ఫ్రెష్‌ను 2016లో ఫ్యూచర్ గ్రూపు తీసుకుంది. ఆ ఫ్యూచర్ గ్రూపే 2022లో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది.

పెద్దంగడి వస్తే చిన్నంగడి పోతుందని అందరూ అంటారు. పెద్దంగడి కూడా పోతుందని ఎవరూ అనరు. ఈలోగా నలుగురు చిన్న వ్యాపారులు అంగడి మూసి బెంగళూరు బండెక్కి ఉంటే, పెద్దది పోయిన నాడు ఉప్పు పొట్లం కోసం లింగసుగూరు పోవాల్సిందే.

పాతిక పోతే ముప్పై ఏడున్నర

2008లో ఇక్రియర్ అనే పరిశోధన సంస్థ కేంద్ర ప్రభుత్వం కోసం ఒక అధ్యయనం చేసింది. పెద్దంగళ్లకు దగ్గర్లో ఉన్న చిన్న అంగళ్లకు మొదటి ఏళ్లలో అమ్మకాలు, లాభాలు తగ్గాయని, కాలం గడిచేకొద్దీ ఆ దెబ్బ పలచబడిందని తేల్చింది. ఏడాదికి నూటికి 4.2 చిన్న అంగళ్లు మూతపడుతున్నాయి, అందులో పెద్దంగళ్ల పోటీ వల్ల మూతపడేవి 1.7 అని చెప్పింది. కాలీఫ్లవర్ రైతు మండీకి బదులు నేరుగా కంపెనీకి అమ్మితే ధర పాతిక శాతం దాకా ఎక్కువ దొరికిందని కూడా అందులో ఉంది.

1.7 శాతం అంటే చిన్నదిగానే కనిపిస్తుంది. పైగా ఆ సర్వే పెద్ద నగరాలది. అక్కడ ఒక వీధిలో పోయిన బేరం పక్క వీధిలో దొరుకుతుంది. జనం పెరుగుతుంటారు, కొత్త కాలనీలు వస్తుంటాయి. కవితాళ లాంటి చోట బజారు ఒకటే.

ఒక లెక్క వేద్దాం. ఇది కొలిచి తెచ్చిన లెక్క కాదు, అర్థం కావడానికి అనుకున్న అంకెలు. ఊరు, చుట్టుపక్కల పల్లెలు, క్యాంపులు కలిపి ఐదు వేల ఇళ్లు. ఇంటికి నెలకు నాలుగు వేల సరుకులు. మొత్తం రెండు కోట్ల వ్యాపారం. పెద్దంగడి అందులో పాతిక వంతు లాగితే యాభై లక్షలు. నెలకు లక్షన్నర అమ్మే కిరాణా అంగళ్లు ముప్పై మూడింటి పూర్తి బేరం అది. అంగడికి ఇద్దరు చొప్పున చూసినా అరవై ఆరు మంది పని. పెద్దంగడి ఇచ్చే ఉద్యోగాలు పాతికో, ఇంకాస్తో.

బేరం అందరికీ సమానంగా తగ్గిందనుకుందాం. లక్షన్నర అమ్మితే పది శాతం మిగులు, పదిహేను వేలు. అద్దె, కరెంటు, కూలి ఐదు వేలు పోతే చేతికి పది వేలు. బేరం పాతిక శాతం పడిపోతే మిగులు 11,250. ఖర్చు ఐదు వేలు తగ్గదు కదా! చేతికొచ్చేది 6,250. బేరం తగ్గింది పాతిక శాతమే, ఇంటికెళ్లే డబ్బు తగ్గింది ముప్పై ఏడున్నర శాతం. అంగడి మూతపడలేదు కాబట్టి సర్వేలో ఇది కనపడదు. పిల్లాడి కాలేజీ ఫీజు దగ్గర కనపడుతుంది.

పోనీ, ఊళ్లో జనానికి మిగిలేదేమిటి? అదీ చూడాలి. ధర సంచి మీద ఉంటుంది. తూకంలో మోసం తక్కువ. తేదీ దాటిన బిస్కెట్టు అంటగట్టరు, అంటగడితే అడగొచ్చు. ఏసీలో నిలబడి ఎంచుకోవచ్చు. ఆడవాళ్లు ఎవరి మొహమూ చూడకుండా, ఎవరి మాటా పడకుండా కావలసింది తీసుకోవచ్చు. బజారు నడిమధ్య అంగట్లో అందరి ముందూ అడగలేని వస్తువులు కొన్ని ఉంటాయి. మగవాళ్లు రాసే సర్వేల్లో ఇది రాదు గానీ ఇది చిన్న విషయం కాదు. ఇంటర్ చదివి ఇంట్లో కూర్చున్న ఆడపిల్లకు ఊళ్లోనే పని దొరుకుతుంది. బిల్లు మాత్రం ఇంగ్లిషులో వస్తుంది!

పుస్తకానికి ఎవరు బాధ్యులు?

తుంగభద్ర ఎడమ కాలువ కింద చివరి భూములకు నీళ్లు రావడం ఎంత కష్టమో మాన్వి, సిరవార రైతులకు చెప్పక్కర్లేదు. 1953లో డ్యాం నీళ్లు వదిలాక కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల నుంచి వచ్చి గంగావతి, సింధనూరు, మాన్వి వైపు క్యాంపులు వేసుకున్న మనవాళ్లకూ ఆ సంగతి తాతల నాటి నుంచి తెలుసు. 2024 ఆగస్టు 10 రాత్రి డ్యాం 19వ గేటు కొట్టుకుపోయింది. తాత్కాలిక గేటు పెట్టేదాకా వారం రోజులు కాలువ కింద ఒక్క ఇంట్లో నిద్ర లేదు. అలాంటి ఏడు, నారు పోసి నీళ్ల కోసం చూసే నెలల్లో ఇంటికి పప్పు, నూనె ఎక్కడి నుంచి వస్తాయి? ఉద్దర పుస్తకం నుంచే.

ఇది ధర్మం కాదు, వ్యాపారమే. ఉద్దరకు తెచ్చుకునేవాడికి కిలో మీద రెండు రూపాయలు ఎక్కువ పడుతుంది. బాకీ ఉన్నవాడు ఇంకో అంగడికి వెళ్లలేడు, నాసిరకం ఇచ్చినా నోరెత్తలేడు. అయినా ఆ సౌకర్యం బ్యాంకు ఇవ్వదు, పెద్దంగడి ఇవ్వదు.

చిక్కు ఎక్కడుందంటే... చేతిలో డబ్బున్నవాళ్లు పెద్దంగడికి పోతారు. ఉద్దర వాళ్లు చిన్నంగట్లో మిగిలిపోతారు. రొక్కం బేరం మీద తిరిగే డబ్బుతోనే కదా అంగడాయన ఉద్దర ఇవ్వగలిగేది! రొక్కం పోయాక టోకు వ్యాపారికి ఏం కడతాడు? ఉద్దర తగ్గిస్తాడు, లేదా ధర పెంచుతాడు. పెద్దంగట్లో అడుగు పెట్టని కూలి మనిషి మీద పెద్దంగడి దెబ్బ పడేది ఇలాగే. ఈ విషయం మీద నాకు తెలిసి ఏ కంపెనీ నివేదికలోనూ ఒక పేజీ లేదు.

బయటి దేశాలు నేర్చుకున్నది

అమెరికాలో వాల్‌మార్ట్ పల్లెటూళ్లకు వచ్చినప్పుడు అయోవా స్టేట్ విశ్వవిద్యాలయంలో కెన్నెత్ స్టోన్ అనే ఆర్థికవేత్త ఏళ్ల తరబడి లెక్కలు తీశారు. స్టోరు వచ్చిన ఊళ్లో మొత్తం వ్యాపారం మొదట పెరిగింది. చుట్టుపక్కల జనం అక్కడికి వచ్చారు కాబట్టి హోటళ్లు బాగుపడ్డాయి, అదే సరకు అమ్మే అంగళ్లు చితికాయి. అసలు దెబ్బ తిన్నది పక్కూళ్లు. డేవిడ్ న్యూమార్క్, ఆయన సహచరులు 2008లో అచ్చేసిన అధ్యయనం ప్రకారం వాల్‌మార్ట్‌లో ఒక ఉద్యోగం వస్తే చిల్లర వ్యాపారంలో సుమారు 1.4 ఉద్యోగాలు పోయాయి.

పక్కూరి సంగతి మనం పట్టించుకోవాల్సింది. కవితాళలో వద్దని ఆపేసి చేతులు దులుపుకుంటే సరిపోదు. సిరవారలోనో లింగసుగూరులోనో వచ్చినా ఇక్కడి రొక్కం అక్కడికి పోతుంది, ఉద్యోగాలు మాత్రం ఇక్కడికి రావు. కాబట్టి ఇది ఒక ఊరి పట్టణ పంచాయతీ ఒంటరిగా తేల్చేది కాదు, జిల్లా స్థాయిలో మాట్లాడాల్సిన విషయం.

ఫ్రాన్స్‌లో 1973 నుంచి పెద్దంగడికి ప్రత్యేక అనుమతి కావాలి. జపాన్ అదే ఏడాది చేసిన చట్టంలో చుట్టుపక్కల వ్యాపారుల మాట కూడా వినాలంది. చిన్న వ్యాపారుల్ని మరీ కాపాడుతోందని అమెరికా ఒత్తిడి పెడితే 2000లో ఆ చట్టం స్థానంలో మరొకటి తెచ్చారు. ఇంగ్లండులో ఊరి బజారు బయట 2,500 చదరపు మీటర్లు మించి అంగడి కడితే పాత బజారు మీద ప్రభావం ఎంతో లెక్క కట్టి ముందే ఇవ్వాలి. బజారు లోపల జాగా దొరకదని కూడా చూపించాలి.

మన చట్టంలో ఏముంది?

చిత్రమేమిటంటే మన దగ్గర పెద్దంగడి ప్రభావాన్ని నేరుగా లెక్కగట్టే చట్టం లేదు. 2006 పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం 20 వేల చదరపు మీటర్లు దాటిన కట్టడానికి ముందస్తు అనుమతి కావాలి. అంటే సుమారు రెండు లక్షల పదిహేను వేల చదరపు అడుగులు. చిన్న ఊళ్లకొచ్చే స్టోరు అందులో పదో వంతు కూడా ఉండదు. 2012లో విదేశీ చిల్లర వ్యాపారాన్ని 51 శాతం దాకా అనుమతించినప్పుడు పది లక్షల జనాభా, చిన్న పరిశ్రమల నుంచి 30 శాతం కొనుగోలు లాంటి షరతులు పెట్టారు. అవి విదేశీ కంపెనీలకే. మన దేశపు కంపెనీకి ఏ షరతూ లేదు. వ్యవసాయ భూమి అయితే జిల్లాధికారి దగ్గర భూ పరివర్తన చేయించుకోవాలి, పట్టణ పంచాయతీలో కట్టడం లైసెన్సు, వ్యాపార లైసెన్సు తీసుకోవాలి. అయిపోయింది. ఇందులో ఎక్కడా బజారును అడిగే గడి లేదు.

ఒక్క చట్టం మాత్రం చేతికి దొరుకుతుంది. 2014 వీధి వ్యాపారుల చట్టం. పట్టణ పంచాయతీలకూ వర్తిస్తుంది. దీని కింద పట్టణ వ్యాపార కమిటీ ఉండాలి. అందులో కనీసం 40 శాతం వీధి వ్యాపారులే ఉండాలి, వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు. ఐదేళ్లకోసారి వీధి వ్యాపారుల సర్వే చేయాలి. సర్వే అయి ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవర్నీ లేపేయకూడదు. యాభై ఏళ్లు దాటిన సహజ మార్కెట్లను వారసత్వ మార్కెట్లుగా గుర్తించాలని, అక్కడివాళ్లను కదిలించకూడదని కూడా అందులో ఉంది. మన వైపు సంతల్లో నిజాం కాలం నాటివెన్నో. రాయచూరు జిల్లా 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోదే కదా!

స్టోరు వస్తే సంతకు ఏమవుతుంది? ధర పోటీ కన్నా జాగా పోటీ ప్రమాదం. కార్లు నిలపడానికి చోటు కావాలంటారు. ముందు కదిలేది రోడ్డు పక్క గోనెపట్టా పరుచుకున్న ముసలామె. పల్లె నుంచి తెల్లారి బస్సుకు వంకాయల గంప తెచ్చి మధ్యాహ్నానికి అమ్ముకుని పోయే మనిషికి ఊరి బయటి సంత మైదానం పనికిరాదు, బస్టాండు పక్కనే ఉండాలి. సంత సుంకం వేలంతో పట్టణ పంచాయతీలకు వచ్చే ఆదాయమూ తక్కువేం కాదు. స్టోరు కట్టే పన్నుతో పాటు ఇక్కడ తగ్గేదీ కూడి చూడాలి.

ముందే అడగాల్సినవి

దీనికి పెద్ద నిపుణులు అక్కర్లేదు. పట్టణ పంచాయతీ సభ్యులు, వర్తకులు, కాలేజీ కుర్రాళ్లు పదిమంది కలిసి నోటు పుస్తకాలు పట్టుకుని రెండు ఆదివారాలు తిరిగితే చాలు. బజారులో అంగళ్లెన్ని? ఎంతమంది పని చేస్తున్నారు? సొంత అంగడా, అద్దెదా? బయట ఉన్న ఉద్దర సుమారెంత? సంతకు ఎన్ని గంపలు వస్తాయి, ఏ ఊళ్ల నుంచి? స్టోరు రాకముందు ఈ అంకెలు రాసిపెట్టుకోకపోతే, వచ్చాక మూడేళ్లకు ఎవరి మాట నిజమో తేల్చలేం.

కంపెనీ వాళ్లను అడగాల్సినవీ ఉన్నాయి. బజారులో పాత గోదాములు, మూతపడ్డ జిన్నింగు షెడ్లు ఉండగా పొలం కొని ఊరి బయట ఎందుకు? బియ్యం సింధనూరు, మాన్వి మిల్లుల నుంచి కొంటారా, లేక ఇక్కడి బియ్యమే బెంగళూరు పోయి కొత్త సంచిలో తిరిగొస్తుందా? కంది పప్పు, జొన్నలు, వేరుసెనగ నూనె ఎక్కడివి? ఉద్యోగాలు కంపెనీ పేరు మీదా, కాంట్రాక్టరు పేరు మీదా? పీఎఫ్ కడతారా? కాగితం మీద రాసివ్వమంటే కొందరు రాసివ్వకపోవచ్చు. రాసివ్వనని చెప్పడం కూడా సమాధానమే.

వర్తకులకూ ఒక మాట. ధర పట్టిక కట్టని అంగడి, కంప్యూటర్ తూకం కొనని అంగడి, తేదీ దాటిన సరకు తీయని అంగడి... వీటిని ఏ చట్టమూ కాపాడలేదు. నలుగురైదుగురు కలిసి రాయచూరు టోకు మార్కెట్‌లో ఒకే లారీకి సరకు తెచ్చుకుంటే ధరలో తేడా సగం తగ్గుతుంది. పైగా ఇప్పుడు పోటీ పక్క వీధి నుంచే కాదు, ఫోన్‌లోంచి వస్తోంది. పది నిమిషాల్లో సరుకులు ఇచ్చే కంపెనీల దెబ్బకు ఏడాదిలో రెండు లక్షల కిరాణా అంగళ్లు మూతపడ్డాయని 2024లో దేశ పంపిణీదారుల సమాఖ్య ఆరోపించింది. అంకె మీద వాదనలున్నాయి గానీ దిశ మీద లేవు.

కవితాళలో ఇవాళ చేయగలిగిన మొదటి పని పట్టణ పంచాయతీ కార్యాలయానికి వెళ్లడం. వీధి వ్యాపారుల కమిటీ ఉందా, ఉంటే చివరిసారి ఎప్పుడు కూర్చుంది, సర్వే జాబితాలో సంతకొచ్చే ఆడవాళ్ల పేర్లున్నాయా అని ముఖ్యాధికారిని అడగొచ్చు. నోటితో జవాబు రాకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టొచ్చు. ఫీజు పది రూపాయలు.